టోక్యో గడియారంలో అకాషి మధ్యాహ్నం

జూన్ మూడో వారంలో టోక్యోలో తెల్లవారుజామున 4 గంటల 25 నిమిషాలకే సూర్యుడు ఉదయిస్తాడు. అవే రోజుల్లో హైదరాబాదులో సూర్యోదయానికి 5 గంటల 40 నిమిషాలు దాటాలి. సాయంత్రానికి వచ్చేసరికి మాత్రం రెండు నగరాల గడియారాలూ ఇంచుమించు ఒకే మాట చెబుతాయి: టోక్యోలో 7 గంటల ప్రాంతంలో, హైదరాబాదులో అంతకు ఏడెనిమిది నిమిషాల ముందు పొద్దు గుంకుతుంది. 35 డిగ్రీలు దాటిన ఉత్తర అక్షాంశం మీద ఉండడం వల్ల టోక్యోకు వేసవిలో హైదరాబాదు కంటే గంటా ఇరవై నిమిషాలకు పైగా ఎక్కువ పగలు దక్కుతుంది. అలా దక్కిన వెలుగు దాదాపు అంతా నగరం ఇంకా నిద్రలో ఉన్న వేళలోనే కరిగిపోతుంది. డిసెంబరు మొదటి వారంలోనైతే సాయంత్రం 4 గంటల 28 నిమిషాలకే సూర్యాస్తమయం. ఆఫీసులు వదిలే వేళకు చీకటి చిక్కబడి ఉంటుంది.

క్షణం తప్పని రైళ్లకు పేరుపడిన నగరం తన నెత్తి మీది సూర్యుడితో మాత్రం ఇంత ఎడంగా ఎందుకుంది? దీనికి జవాబు ఒక్కచోట దొరకదు. కొంత భూగోళంలో ఉంది, కొంత 19వ శతాబ్దపు రాజనీతిలో ఉంది, మరికొంత టోక్యో వాసులు అలవాటుగా రోజును లెక్కపెట్టుకునే తీరులో ఉంది. ఈ మూడూ కలిసిపోయి ఉండడం వల్లనే ‘జపాన్ కాలమానం’ అనే మాట పైకి తేలికగా కనిపించినా లోపల చిక్కుముడిగా తయారైంది.

ముందు భూగోళం సంగతి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. జపాన్ దేశమంతటికీ అధికారిక కాలాన్ని నిర్ణయించేది 135 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ రేఖ టోక్యో మీదుగా పోదు. అక్కడికి పడమరగా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కోబె నగరం పక్కన సముద్రపు ఒడ్డున ఉన్న అకాషి అనే ఊరి మీదుగా పోతుంది. టోక్యో 139.7 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి, అకాషి కంటే సుమారు 19 నిమిషాల ముందే అక్కడ సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అంటే టోక్యోకు అసలైన మధ్యాహ్నం సగటున 11 గంటల 41 నిమిషాలకే అయిపోతుంది. భూకక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, భూమి అక్షం వాలి ఉండడం అనే రెండు కారణాల వల్ల ఈ సగటు ఏడాదిలో అటూఇటూ జరుగుతూ ఉంటుంది: నవంబరు మొదట్లో 11.24కు, ఫిబ్రవరి నడుమ 11.55కు మధ్యాహ్నం అవుతుంది. ఏది ఏమైనా టోక్యో గడియారంలో రెండు ముళ్లూ 12 మీద కలిసే వేళకు, సంవత్సరంలో ఏ రోజు తీసుకున్నా, సూర్యుడు అప్పటికే పడమటికి వాలి ఉంటాడు. పడమటి కొసన ఉన్న ఫుకువొకాలో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ జూన్‌లో రాత్రి 7 గంటల 30 నిమిషాల దాకా వెలుగు ఉంటుంది. కాబట్టి పొద్దున్నే వెలుగు వృథా అవుతోందన్న బాధ జపాన్ అంతటిదీ కాదు, టోక్యోదీ దానికి తూర్పున, ఉత్తరాన ఉన్న ప్రాంతాలదీ.

రాజధానిని వదిలేసి అకాషి రేఖను ఎంచుకోవడానికి ఆ ఊరి గొప్పతనం కారణం కాదు. 1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం గ్రీనిచ్‌ను సున్నా రేఖాంశంగా ఒప్పుకుంది. జపాన్ తరఫున హాజరైన ప్రతినిధి కికుచి దైరొకు, కేంబ్రిడ్జిలో చదువుకున్న గణితశాస్త్రజ్ఞుడు. ఆ తీర్మానాన్ని అనుసరించి 1886 జూలై 13న వెలువడిన చక్రవర్తి శాసనం, 135వ రేఖాంశపు కాలమే దేశానికంతటికీ ప్రామాణికమని ప్రకటించింది. 1888 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 135ను 15తో భాగిస్తే సరిగ్గా 9 వస్తుంది. గ్రీనిచ్‌తో తేడా నిమిషాలు, సెకన్ల చిల్లర లేకుండా నిండు గంటల్లో తేలాలన్నదే ఎంపికకు కారణం. టోక్యో రేఖను పట్టుకుని ఉంటే ఆ తేడా 9 గంటల 19 నిమిషాలయ్యేది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడకు చేరువగా సాగుతుందన్న సంగతి తెలుగువారికి తెలిసినదే. 82.5ను 15తో భాగిస్తే 5.5 వస్తుంది కాబట్టే మనకు అయిదున్నర గంటల లెక్క వచ్చింది. అయితే మన దేశంలో 1906లో ప్రామాణిక కాలం వచ్చాక కూడా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత కాలాన్ని వదులుకోలేదు. టోక్యో మాత్రం తన పందొమ్మిది నిమిషాలను 1888 కొత్త సంవత్సరంతోనే వదిలేసింది. ఇది అంత సులువుగా ఎలా జరిగిందో తెలియాలంటే అంతకు ముందటి కాలంలోకి వెళ్లాలి. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అతి విలువైన భాగం అదే.

టోక్యోకు ఎదో అన్న పేరున్న రోజుల్లో గంటకు నిలకడైన పొడవు ఉండేది కాదు. తొలివెలుగు నుంచి మలిసంజ దాకా పగటిని ఆరు భాగాలు చేసేవారు. రాత్రినీ అలాగే ఆరు చేసేవారు. ఒక్కొక్క భాగాన్ని ‘తోకి’ అనేవారు. వేసవిలో పగటి తోకి మన లెక్కలో 2 గంటల 40 నిమిషాలకు దగ్గరగా సాగేది. చలికాలంలో 1 గంట 50 నిమిషాలకు కుదించుకుపోయేది. కూలివాడు ‘వెలుగు ఆరు’ నుంచి ‘చీకటి ఆరు’ దాకా పనిచేస్తే వేసవిలో ఎక్కువ పని, శీతకాలంలో తక్కువ పని అయ్యేది. తెలుగు పాఠకులకు ఇది కొత్తగా తోచనక్కర్లేదు. స్థానిక సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు పగటిని ఎనిమిది భాగాలు చేసి అందులో ఒకదాన్ని రాహుకాలంగా గుర్తించే పంచాంగకర్త ఈనాటికీ పాటించేది ఈ సూత్రాన్నే.

ఆ భాగాలకు పెట్టిన అంకెలు మరీ విచిత్రం. అర్ధరాత్రికి తొమ్మిది గంటలు కొట్టేవారు. తరువాతి తోకికి ఎనిమిది, ఆపై ఏడు, వెలుగు వేళకు ఆరు, ఆ తరువాత అయిదు, నాలుగు. మధ్యాహ్నానికి మళ్లీ తొమ్మిది. పొద్దు పెరిగే కొద్దీ అంకె తగ్గుతూ పోవడానికి ఒక వివరణ ఉంది. తొమ్మిది శుభసంఖ్య కాబట్టి మొదటి తోకికి తొమ్మిది, రెండోదానికి పద్దెనిమిది, మూడోదానికి ఇరవై ఏడు కొట్టాలి. అన్నిసార్లు కొట్టడం ఎవరివల్లా కాదు కాబట్టి పదుల స్థానాన్ని వదిలేసి ఒకట్ల స్థానంలోని అంకెనే కొట్టేవారట. తొమ్మిదో ఎక్కం చివరి అంకెలు వరసగా 9, 8, 7, 6, 5, 4 అని తేలడం అందరికీ తెలిసిందే. మధ్యాహ్నం దాటాక వచ్చే ఎనిమిదో గంట వేళ తినే చిరుతిండికి ‘ఒయత్సు’ అని పేరు. ‘యత్సు’ అంటే ఎనిమిది. ఆ గంటల పద్ధతి పోయి నూట యాభై ఏళ్లు దాటినా, టోక్యో తల్లులు పిల్లలకు మధ్యాహ్నం 3 గంటలకు పెట్టే తినుబండారాన్ని ఇప్పటికీ ‘ఎనిమిది’ అనే పిలుస్తున్నారు.

నగరానికి ఈ కాలాన్ని చాటి చెప్పినవి గంటలు. తెలుగులో మోగే లోహానికీ, అరవై నిమిషాల కాలానికీ ‘గంట’ అన్న ఒకే మాట ఉండడం ఎంత సహజమో ఎదో నగరాన్ని చూస్తే అర్థమవుతుంది. నిహొన్‌బాషి దగ్గర హొన్‌కొకుచోలో ఉన్న గంట వాటిలో మొదటిదిగా పేరు పొందింది. ఉయెనోలో, అసకుసాలో, మరికొన్ని చోట్ల కూడా కాలం చాటే గంటలు ఉండేవి. కొట్టే ముందు జనం దృష్టిని తిప్పుకోవడానికి మూడుసార్లు ఊరికే మోగించేవారు. వాటిని ‘పారేసిన గంటలు’ అనేవారు, లెక్కలోకి తీసుకునేవారు కాదు. గంట మోత వినిపించే మేరలో ఉన్న ఇళ్ల నుంచి రుసుము వసూలు చేసి గంట కొట్టేవారిని పోషించేవారు. కాలం తెలియజేయడం ఒక సేవ అనీ, దానికి చెల్లింపు ఉండాలనీ ఆ నగరం అంత ముందుగానే గుర్తించింది.

యూరప్ నుంచి వచ్చిన యంత్రగడియారం ఈ పద్ధతికి లొంగదు. దానికి అన్ని గంటలూ సమానమే. జపాన్ పనివాళ్లు గంటలను యంత్రానికి అనుగుణంగా మార్చలేదు, యంత్రాన్నే తమ గంటలకు అనుగుణంగా మలిచారు. పగటికి ఒకటి, రాత్రికి ఒకటి చొప్పున వేగం వేరుగా ఉండే రెండు ఊగుడు కడ్డీలను ఒకే గడియారంలో బిగించి, ఉదయం, సాయంత్రం దానంతట అదే ఒకదాని నుంచి మరొకదానికి మారేలా చేశారు. ఋతువు మారినప్పుడు కడ్డీకి వేలాడే చిన్న బరువులను జరిపి సరిచేసేవారు. ఈ విద్యకు శిఖరం 1851లో తనకా హిసాషిగె పూర్తిచేసిన ‘పదివేల ఏళ్ల గడియారం’. జపాన్ గంటలనూ, యూరప్ గంటలనూ, చంద్రకళలనూ, సూర్యచంద్రుల గమనాన్నీ అది ఒక్కచోట చూపుతుంది. ప్రస్తుతం ఉయెనోలోని జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలలో ఉంది. తోషిబా సంస్థ మూలాల్లో ఒకటి ఈ తనకా నెలకొల్పిన కర్మాగారమే.

అంత ఒడుపుగా సూర్యుణ్ని అనుసరించిన వ్యవస్థను, మెయిజి చక్రవర్తి పేరిట కొత్తగా ఏర్పడిన ప్రభుత్వం ఒక్క ప్రకటనతో రద్దు చేసింది. 1872 డిసెంబరు 9న వెలువడిన ఆ ఉత్తర్వు రెండు పనులు చేసింది: చాంద్రమాన పంచాంగం స్థానంలో సౌరమానాన్ని తెచ్చింది, రోజును 24 సమానమైన గంటలుగా విభజించింది. పాత లెక్కలో పన్నెండో నెల మూడో తేదీ కావలసిన రోజు 1873 జనవరి 1 అయిపోయింది. ప్రజలకు దొరికిన వ్యవధి 23 రోజులు. తరువాతి సంవత్సరపు పంచాంగాలను అప్పటికే అచ్చు వేయించిన వ్యాపారులు నష్టపోయారు. ఇంత తొందర వెనక ఖజానా లెక్క ఉంది. పాత పద్ధతిలో ఆ మరుసటి ఏడాదికి అధిక మాసం రావలసి ఉంది. ఉద్యోగులకు నెలజీతాలు మొదలుపెట్టిన కొత్త ప్రభుత్వం పదమూడు జీతాలు ఇవ్వవలసి వచ్చేది. కొత్త పంచాంగంతో ఆ పదమూడో నెల పోయింది. రెండు రోజులకే ముగిసిన పన్నెండో నెల జీతం కూడా ఎగ్గొట్టారు. ఆనాడు ఆర్థిక వ్యవహారాలు చూసిన ఒకుమా షిగెనొబు ఈ కారణాన్ని తరువాత దాచుకోకుండా చెప్పాడు.

పాత గంటలు చట్టంలో నుంచి పోయినా, భాషలో నుంచి పోలేదు. ఎదో కాలంలో తోకిలకు పన్నెండు జంతువుల పేర్లు కూడా ఉండేవి. అర్ధరాత్రి ఎలుక వేళ, మధ్యాహ్నం గుర్రపు వేళ. జపాన్ భాషలో ఈనాటికీ ఉదయాన్ని ‘గోజెన్’ అనీ, మధ్యాహ్నం తరువాతి కాలాన్ని ‘గొగొ’ అనీ అంటారు. ఒకటి ‘గుర్రానికి ముందు’, రెండోది ‘గుర్రం తరువాత’. ఈ చోటనే ఒక చిక్కు మిగిలిపోయింది. 1872 నాటి ఉత్తర్వుకు జతచేసిన పట్టికలో మధ్యాహ్నాన్ని ‘గోజెన్ 12’గానూ, అర్ధరాత్రిని ‘గొగొ 12’గానూ రాశారు. ఆ లెక్కన మధ్యాహ్నం పన్నెండున్నరను ‘గొగొ 12.30’ అంటే తప్పవుతుంది, ‘గొగొ 0.30’ అనాలి. జపాన్ పత్రికలు ఇప్పటికీ అలాగే సున్నాతో రాస్తాయి. డిజిటల్ గడియారాలు, ఇంగ్లీషు అలవాటు దీనికి ఎదురుగా నిలబడడంతో రెండు పద్ధతులూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

సమయపాలన జపాన్ వారి రక్తంలోనే ఉందన్న మాట తరచుగా వింటాం. చరిత్ర ఆ మాటను సమర్థించదు. 1850ల చివర నాగసాకిలో నౌకావిద్య నేర్పిన డచ్ అధికారి కాటెన్‌డైక్, అక్కడ ఏ పనీ అనుకున్న వేళకు జరగదని విసుగుతో రాసుకున్నాడు. రెండు గంటలకు దగ్గరగా ఉండే తోకి కంటే చిన్న కొలత సామాన్యుడికి పెద్దగా అవసరం పడని సమాజంలో పది నిమిషాల ఆలస్యం ఆలస్యమే కాదు. నిమిషం అనే కొలతను జనం మీదికి తెచ్చింది రైలు. 1872లో షింబాషి నుంచి యొకొహామాకు రైలు మొదలైనప్పుడు, ప్రయాణికులు ముందుగానే రావాలనీ, బయలుదేరడానికి కొద్ది నిమిషాల ముందే తలుపులు మూసేస్తారనీ ప్రత్యేకంగా ప్రకటించవలసి వచ్చింది. అంతకు ముందు ఏడాది నుంచే ఎదో కోట ఆవరణలో రోజూ మధ్యాహ్నం ఫిరంగి పేల్చడం ప్రారంభమైంది. ఆ మోతను అనుకరిస్తూ జనం దాన్ని ‘దోన్’ అన్నారు. అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి ఆ శబ్దం చేరడానికి పదిహేను సెకన్లు పడుతుంది; అప్పటి అవసరాలకు అది లెక్కలోకి రాదు. 1929లో దాని స్థానంలోకి సైరన్ వచ్చింది. ఆ ఫిరంగిని ఇప్పుడు కొగనెయ్‌లో ఉన్న ఆరుబయటి ప్రదర్శనశాలలో చూడవచ్చు.

1920లో ఒచనొమిజు ప్రాంతంలో కాలం మీద ఏర్పాటైన ప్రదర్శనను రెండు లక్షలకు పైగా జనం చూశారు. ఆ ఏడాదే జూన్ 10ని ‘కాలదినం’గా ప్రకటించారు. 671లో తెన్‌జి చక్రవర్తి ఓట్సులో నీటిగడియారంతో ప్రజలకు కాలం చాటించిన రోజుగా ప్రాచీన గ్రంథం చెప్పేది ఆ తేదీనే. దినం పెట్టి, కరపత్రాలు పంచి, బడుల్లో పాఠాలు చెప్పి నేర్పవలసి వచ్చిందంటేనే సమయపాలన ఎంత కొత్త అలవాటో తెలుస్తుంది. నేర్చుకుంటే అబ్బే విద్యను పుట్టుగుణంగా చెప్పడం, దానికోసం రెండు మూడు తరాలు పడిన శ్రమను చిన్నచూపు చూడడమే అవుతుందని నా నమ్మకం.

దేశానికంతటికీ ఒకే కాలం అన్న నియమం కూడా అన్ని వేళలా నిలవలేదు. తైవాన్ జపాన్ పాలనలోకి వచ్చాక, 1896 నుంచి 120వ రేఖాంశం ఆధారంగా పడమటి ప్రామాణిక కాలం ఒకటి ఏర్పడింది. తైవానుతో పాటు ఒకినావాకు పడమర కొసన ఉన్న మియాకో, యయెయామా దీవులు దాని కిందికి వచ్చాయి. 1937లో దాన్ని ఎత్తేశారు. యుద్ధకాలంలో టోక్యో కాలాన్ని సైన్యం తన వెంట తీసుకుపోయింది. 1942లో సింగపూరు పట్టుబడగానే అక్కడి గడియారాలను గంటన్నర ముందుకు తిప్పి టోక్యోతో కలిపారు. పాలకుడి మధ్యాహ్నమే పాలితుడి మధ్యాహ్నం కావాలన్న పట్టుదల అది. ఈనాడు జపాన్ తూర్పు కొసకూ పడమటి కొసకూ మధ్య 31 డిగ్రీల ఎడం, అంటే సూర్యగమనంలో రెండు గంటలకు పైగా తేడా ఉన్నా కాలమానం ఒక్కటే. అసలు టోక్యో పాలనాపరిధిలోనే ఈ తేడా గంటకు పైగా ఉంటుందంటే నమ్మడం కష్టం. ఒగసవారా దీవుల గ్రామం టోక్యోలో భాగం. దాని ప్రధాన దీవికి నౌకలో 24 గంటల ప్రయాణం. అదే గ్రామానికి చెందిన మినమితొరిషిమా అనే చిన్న ద్వీపం 154వ రేఖాంశం దగ్గర ఉంది. అక్కడ వాతావరణ శాఖ, రక్షణ దళాల సిబ్బంది తప్ప కాపురాలు లేవు. వారి నెత్తి మీదికి సూర్యుడు సగటున 10 గంటల 44 నిమిషాలకే వస్తాడు, టోక్యో పరిధిలోనే, టోక్యో గడియారం ప్రకారమే.

ఇంత తేడా ఉన్నప్పుడు గడియారాన్ని ముందుకు జరపవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. జరిపి చూశారు. అమెరికా ఆక్రమణ కాలంలో, 1948 నుంచి 1951 దాకా నాలుగు వేసవుల్లో గంట ముందుకు తిప్పారు. ఆ చట్టం ప్రకారం వేసవి కాలమానం ముగిసే సెప్టెంబరు శనివారానికి 25 గంటలుండేవి. వెలుగున్నంతసేపూ పని సాగుతోంది, నిద్ర తగ్గిపోతోంది అన్న ఫిర్యాదులు పెరిగి 1952లో, ఆక్రమణ ముగిసే ముందే, దాన్ని రద్దు చేశారు. 2013లో అప్పటి టోక్యో గవర్నరు ఇనొసె నవొకి దేశ కాలాన్నే శాశ్వతంగా రెండు గంటలు ముందుకు జరపాలని ప్రతిపాదించాడు. టోక్యో మార్కెట్లు ప్రపంచంలో అందరికంటే ముందుగా తెరుచుకోవాలన్నది ఆయన వాదన. 2018లో, రాబోయే టోక్యో ఒలింపిక్స్ నాటి ఎండలకు భయపడి మళ్లీ రెండు గంటల వేసవి కాలమానం చర్చకు వచ్చింది. కంప్యూటర్ వ్యవస్థలన్నిటినీ తక్కువ వ్యవధిలో మార్చడం సాధ్యం కాదనీ, ఆరోగ్యానికి హాని అనీ వచ్చిన అభ్యంతరాలతో అది ఆగిపోయింది. చివరికి గడియారం కదలలేదు, మారథానే టోక్యో వదిలి ఉత్తరాన ఉన్న సప్పొరోకు కదిలింది. అక్కడ కూడా మహిళల పరుగును ముందురోజు రాత్రి నిర్ణయించి ఉదయం 6 గంటలకు జరిపారు. వేసవి కాలమానం లేని దేశాలే కావడం వల్ల జపాన్‌కూ మనకూ మూడున్నర గంటల తేడా ఏడాది పొడవునా స్థిరంగా ఉంటుంది. ఒక బిడ్డ డాలస్‌లో, మరో బిడ్డ టోక్యోలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఏటా రెండుసార్లు కొత్తగా లెక్కపెట్టుకోవలసింది డాలస్ బిడ్డకు ఫోన్ చేసే వేళనే.

ప్రభుత్వం గడియారాన్ని కదపలేకపోయినా, నగరం తన రోజును తానే సాగదీసుకుంది. టోక్యోలో తినుబండారాల అంగడి తలుపు మీద ‘17.00 నుంచి 26.00’ అని కనిపిస్తుంది. టీవీ కార్యక్రమాల పట్టికలో ‘శుక్రవారం 25.30’ అని ఉంటుంది. 26 అంటే అర్ధరాత్రి దాటాక 2 గంటలు, శుక్రవారం 25.30 అంటే క్యాలెండరు ప్రకారం శనివారం ఒంటిగంటన్నర. అంగడికీ, టీవీకీ, రాత్రి పనిచేసేవారికీ రోజు అర్ధరాత్రితో ముగియదు; పడుకున్నప్పుడు ముగుస్తుంది. రైళ్లూ అంతే. శుక్రవారం రాత్రి 12.30కు బయలుదేరే ఆఖరి రైలు శనివారపు పట్టిక ప్రకారం నడవదు, శుక్రవారపు పట్టిక ప్రకారం నడుస్తుంది. మన పెద్దలు ‘శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం’ అని విడమరచి చెప్పేది సరిగ్గా ఈ గజిబిజిని తప్పించడానికే. రాత్రి 12.15 రైలుకు తేదీ పొరబడి టికెట్ కొని, స్టేషనుకు వెళ్లాక ఆ రైలు నిన్ననే వెళ్లిపోయిందని తెలుసుకున్నవారికి 24.15 అని రాయడంలోని మేలు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఒక తేదీ 24 గంటలకూ, మరుసటి తేదీ 0 గంటలకూ భౌతికంగా తేడా లేదు. జపాన్ చట్టంలో ఉంది. 1902 నాటి చట్టం ప్రకారం మనిషికి వయసు నిండేది పుట్టినరోజున కాదు, అంతకు ముందురోజు ముగిసే క్షణాన. విద్యా సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఆ రోజున పుట్టిన బిడ్డకు మార్చి 31 రాత్రి 24 గంటలకు ఆరేళ్లు నిండుతాయి కాబట్టి, మార్చి వరకు పుట్టిన పిల్లలతో కలిసి బడిలో చేరుతుంది. ఏప్రిల్ 2న పుట్టిన బిడ్డ ఇంకో ఏడాది ఆగాలి. రెండు పేర్లున్న ఆ ఒక్క క్షణం మీద ఒక బిడ్డ జీవితంలో ఏడాది ఆధారపడి ఉంటుంది.

నిమిషాన్ని కూడా దాటి సెకన్ల దాకా వెళ్లిన రైలు సమయపాలనకు రెండు ముఖాలున్నాయి. 2017 నవంబరులో టోక్యో శివార్లలో సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు ఒకటి నిర్ణీత వేళకు 20 సెకన్ల ముందు బయలుదేరితే సంస్థ క్షమాపణ చెప్పింది. ఆ వార్తను ప్రపంచమంతా ముచ్చటగా చదువుకుంది. 2005 ఏప్రిల్ 25న హ్యోగో రాష్ట్రంలోని అమగసాకిలో, నిమిషంన్నర లోపు ఆలస్యాన్ని పూడ్చుకోవాలన్న ఆత్రంలో వంపు దగ్గర వేగం తగ్గించని రైలు పట్టాలు తప్పి భవనాన్ని ఢీకొంది. డ్రైవరుతో కలిపి 107 మంది చనిపోయారు. ఆలస్యం చేసిన సిబ్బందిని శిక్షించే తీరు మీద ఆ తరువాతనే లోతైన విచారణ జరిగింది. మొదటి సంఘటనను చెప్పుకునే ప్రతిచోటా రెండోదాన్నీ చెప్పుకోవాలి.

ఇప్పుడు జపాన్ కాలం అకాషిలోనూ పుట్టడం లేదు. అక్కడ రేఖ మీద 1960లో కట్టిన నక్షత్రశాల గోపురం గుర్తుగా నిలిచి ఉంది, అంతే. అధికారిక కాలాన్ని టోక్యో పడమటి శివారైన కొగనెయ్‌లో ఎన్‌ఐసీటీ అనే జాతీయ పరిశోధన సంస్థ సీజియం, హైడ్రోజన్ పరమాణు గడియారాలతో తయారుచేస్తుంది. ఫుకుషిమాలోని కొండ మీది నుంచి 40 కిలోహెర్ట్‌జ్, క్యూషూలోని కొండ మీది నుంచి 60 కిలోహెర్ట్‌జ్ తరంగాలతో అది దేశమంతటా ప్రసారమవుతుంది. ఆ సంకేతాన్ని అందుకుని తమంతట తామే సరిచేసుకునే గోడగడియారాలు జపాన్ ఇళ్లలో మామూలు వస్తువులు. ఫోన్‌లో 117 నొక్కితే కాలం చెప్పే సేవ 1955 జూన్ 10న, కాలదినం నాడే మొదలైంది. అయినా పరమాణు గడియారం చెప్పేది కూడా ఒక చోటి కాలమే. టోక్యో విశ్వవిద్యాలయపు కతోరి హిదెతోషి బృందం స్కైట్రీ గోపురం అడుగున ఒకటి, 450 మీటర్ల ఎత్తున ఒకటి, రెండు అతిసూక్ష్మ గడియారాలను పెట్టి పోల్చి, 2020లో ఫలితాలు ప్రకటించింది. ఐన్‌స్టీన్ చెప్పినట్టే, గురుత్వాకర్షణ కాస్త తక్కువగా ఉన్న పైగడియారం రోజుకు సెకనులో వంద కోట్లవ భాగాలు నాలుగింటి మేర ముందుకు పోతున్నట్టు తేలింది.

ఆ గోపురానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఉయెనో ఉద్యానవనంలో, ఎదో కాలపు గంట ఇంకా వేలాడుతూనే ఉంది. ఉదయం 6కు, మధ్యాహ్నానికి, సాయంత్రం 6కు దాన్ని ఇప్పటికీ మనిషే మోగిస్తాడు. ఒకప్పుడు తొలివెలుగునూ మలిసంజనూ చూసి కొట్టిన ఆ గంటను ఇప్పుడు గడియారం చూసి కొడుతున్నారు. దాని మధ్యాహ్నపు మోత వినిపించే వేళకు సూర్యుడు ఉయెనో నడినెత్తిని దాటి సగటున పందొమ్మిది నిమిషాలై ఉంటుంది, అకాషి మీదికి అప్పుడే చేరుతూ ఉంటాడు.